ఒక్క నిజం మాట కోసం విశాఖ దాకా

నేను విశాఖపట్నం పోయొచ్చానని తెలిసి మా వీధిలో వాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి ఒకటే ఆరా. సబ్‌మెరైన్ చూశావా, కైలాసగిరి ఎక్కావా, అరకు పోలేదా అని. ఏమీ చూడలేదు తల్లీ! నేను పోయింది ఊరు చూడ్డానికి కాదు, ఒక మనిషితో మాట్లాడ్డానికి. ఆ మనిషి దొరకలేదు. దొరకలేదంటే ఇంట్లో లేదని కాదు. ఇంట్లోనే ఉంది, భోజనం పెట్టింది, ఏసీ గదిలో పడుకోబెట్టింది. అయినా ఎట్లా దొరకలేదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

సంగతేంటో ముందే చెప్పేస్తాను, దాచుకోవడం నాకు చేతకాదు. మాది గుంతకల్లు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన రైల్వే గార్డు, పోయి ఐదేళ్ళయింది. మా స్కూల్లోనే డ్రాయింగు చెప్పిన శేషయ్య సార్, ఆయనకీ భార్య లేదు, మొన్న చలికాలంలో ఒకరోజు రేషను షాపు దగ్గర సంచీ పట్టుకుని నిలబడి, "టీచర్ గారూ, మిగిలిన రోజులు మనం ఒకే ఇంట్లో ఉండకూడదా?" అన్నారు. పెళ్ళి అనే మాట అనడానికి సిగ్గుపడ్డారు గానీ ఆయన అన్నది అదే. నాకు కోపం రాలేదు. కోపం రాలేదే అని భయమేసింది. ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఎవరినడగాలి? కొడుకునడిగితే "నీ ఇష్టమమ్మా" అని ఫోన్ పెట్టేసి తెల్లవార్లూ నిద్రపోడు. చెల్లెల్నడిగితే నోటిమీద చెయ్యేసుకుంటుంది. ఇరుగుపొరుగు ముందర మంచిదేనంటారు, కుళాయి దగ్గర నవ్వుకుంటారు. ఉన్నదున్నట్టు ముఖాన కొట్టినట్టు చెప్పే మనిషి నాకు ప్రపంచం మొత్తానికి ఒక్కతే ఉంది. విశాఖలో ఉంది, నా నేస్తం. ఆవిడ తిడితే మానుకుంటాను, ఊఁ అంటే చేసుకుంటాను. అంతే లెక్క. శేషయ్య సార్‌కీ ఆ మాటే చెప్పి బయల్దేరాను.

కంచరపాలెం

రైలు దిగగానే ఒళ్ళంతా జిడ్డు. మా వైపు ఎండ మాడ్చేస్తుంది కానీ ఒంటికి అంటుకోదు. ఇక్కడ పొద్దున్నే జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ఆటో అతను కంచరపాలేనికి రెండొందలన్నాడు. "ఏం నాయనా, నేనీ ఊళ్ళో ఏళ్ళతరబడి కాపురం చేసినదాన్ని" అంటే, "అయితే మీరే సెప్పండమ్మా, ఎంతిత్తారు?" అని నవ్వాడు. నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. శ్రీకాకుళం వైపు పల్లె అట, పొలం అన్నకి వదిలేసి వచ్చాడట.

"ఆటో తోల్తన్నానని మావోలకి సెప్పలేదండి. కంపెనీలో సేత్తన్నాననుకుంటన్నారు" అన్నాడు.

"ఆటో తోలితే తప్పేంటయ్యా?"

"తప్పని కాదండి. ఆళ్ళు సంతోషంగా ఉంటారు గదా."

ఇదేం సంతోషం, నా మొహం అనుకున్నాను. అప్పటికి నాకు ఆ మాట బరువు తెలియలేదు.

మేం అద్దెకున్న ఇల్లు ఇప్పుడు లేదు. మూడంతస్తులు లేపి కింద సెల్‌ఫోన్ల దుకాణం, పైన ఆడపిల్లల హాస్టలు పెట్టారు. రైలు పట్టాలు మాత్రం అక్కడే ఉన్నాయి, గూడ్సు పోతుంటే కాళ్ళకింద నేల అదిరేది, ఇప్పుడూ అదిరింది. సందు మొదట్లో బండి దగ్గర చోడంబలి గ్లాసు ఇరవై రూపాయలు. చోళ్ళంటే మన రాగులే. మనం ముద్ద చేసి గట్టిగా మింగుతాం, వీళ్ళు పల్చగా తాగి ఉల్లిపాయ కొరుక్కుంటారు. మన బొరుగుల ఉగ్గాని దొరుకుతుందా అని అడిగితే బండామె నా ముఖంలోకి అదేదో దేశం మనిషిని చూసినట్టు చూసింది.

ఈ సందులోకే రోజూ చేపల గంప నెత్తిన పెట్టుకుని నూకరత్నం వచ్చేది. కొత్తగా కాపురానికొచ్చిన నాకు చేప కొనడం రాదు. మొదటిరోజే నేను వేలు పెట్టి చూపించిన చేపని గంపలోకి లాగేసుకుని, "ఇది తీసుకోకు టీచరమ్మా. నిన్నటిది. రేపు మంచిది తెత్తాను" అంది. అమ్ముకోవడానికొచ్చి అమ్మనంటుందేంటి ఈవిడ అని నవ్వొచ్చింది. మొప్ప ఎత్తి ఎరుపు చూడ్డం, వేలుతో నొక్కి చూడ్డం, ముక్కు దగ్గర పెట్టుకుని చూడ్డం, అన్నీ ఆవిడే నేర్పింది. కొన్నాళ్ళకి ఒకరోజు గంప దించి నా ముఖంలోకి చూసి, "మీ ఆయన సారా కొట్టుకాడ కూకుంటన్నాడు. నీకు ఎవలూ సెప్పరు. నాను సెప్తన్నాను" అంది. ఎంత కోపమొచ్చిందంటే గుమ్మం తొక్కొద్దన్నాను. మా ఆయన్నడిగితే ఏడ్చేశాడు. నిజమే. తర్వాత మానాడు కూడా. ఆవిడ చెప్పకపోయుంటే నా కాపురం ఏమయ్యేదో నాకు తెలుసు.

అప్పుడే నేస్తం కట్టుకున్నాం. మన సీమలో ఈ ఆచారం లేదు. ఇక్కడ ఇద్దరు మనుషులు, కులం ఏదైనా, ఊరు ఏదైనా, మనసు కలిస్తే దేవుడి ముందు ఒకరికొకరు చీర, గాజులు పెట్టుకుంటారు. ఆ తర్వాత ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తం అనే పిలవాలి. వాళ్ళింట్లో శుభమైనా అశుభమైనా వీళ్ళు సొంత మనిషిలాగా నిలబడాలి. నలుగురిలో 'నా నేస్తం' అని చెప్పుకోవాలి. మేం సింహాచలం కొండమీద కట్టుకున్నాం. ట్రాన్స్‌ఫర్ అయి గుంతకల్లు వచ్చేశాక కూడా ఫోన్లలో నన్ను తిడుతూనే ఉండేది. ఈ మధ్య కొన్నాళ్ళుగా మాత్రం తిట్టడం తగ్గించింది. వయసు మీదపడిందిలే అనుకున్నాను.

గాజుల కొట్టు

నేస్తాన్ని చూడబోయేటప్పుడు ఉత్తచేతులతో పోకూడదు. వన్‌టౌన్‌లో పాత గాజుల కొట్టు ఒకటి ఇంకా ఉంది. పెద్దాయన సాయిబు, తెల్లగడ్డం, కొట్టులో అత్తరు వాసన. నేను ఎర్ర గాజులు తీస్తే, "ఎవరికమ్మా?" అన్నాడు.

"నేస్తానికి."

ఆయన ముఖం విప్పారింది. "అరే, నేస్తానికా! ఈ పెట్టెలోవి వద్దు, రంగు పోతది. నేను లోపల్నించి ఇస్తా ఉండండి." ఎక్కువ ధరవి అంటగడతాడేమోననుకున్నాను. తెచ్చినవి ఇంకా తక్కువ ధర. "ఇప్పుడెవరూ కట్టుకోవట్లేదమ్మా నేస్తాలు. అందరూ ఫ్రెండ్సే. ఫోను నిండా ఫ్రెండ్సే" అన్నాడు. ఒక డజను అడిగితే ఇంకో రెండు కలిపి పేపర్లో చుట్టి ఇచ్చాడు. డబ్బు వద్దన్నాడు ఆ రెండింటికీ. ఆ ఊళ్ళో నాతో మాట తిప్పకుండా మాట్లాడిన కొద్దిమందిలో ఆయనొకడు.

జాలరిపేట

ఫోన్లో నేస్తం "నేరుగా మధురవాడ ఫ్లాటుకే వచ్చేయండి" అంది. వచ్చేయండి అట! ఎవరో పక్కన ఉన్నారేమో, వాళ్ళతో అంటోందేమో అనుకున్నాను. నేను మొండిదాన్ని కదా, ముందు జాలరిపేట పోయాను. ఆవిడ పుట్టి పెరిగిన చోటు చూసి వస్తే కబుర్లు చెప్పుకోవడానికి బాగుంటుందని.

ఒడ్డున తెప్పలూ ఫైబరు పడవలూ వరసగా పెట్టున్నాయి. పడవ వచ్చిందంటే ఆడవాళ్ళంతా గంపలతో చుట్టుముడతారు, వేలంపాట మొదలవుతుంది, అరుపులు, బూతులు, నవ్వులు. వంజరం కిలో ధర విని గుండె జారింది. మా ఊళ్ళో ఆ డబ్బుకి రెండు కోళ్ళొస్తాయి. ఒక పక్కన ఇసకలో కూర్చుని ఒకామె చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. ఎన్నిసార్లు చూసినా నాకు నోరు కాలినట్టే ఉంటుంది. ఆమె నేస్తం తోడికోడలు పోలమ్మ. నేనే గుర్తుపట్టాను.

"ఓలమ్మ! గుంతకల్లు నేస్తానివి కదేటి! జుట్టంతా నెరిసిపోనాది!" అని చుట్ట తీసి పారేసి నా చెయ్యి పట్టుకుంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. జుట్టు నెరిసిందని ముఖాన అనేవాళ్ళున్న చోటు అది.

నేస్తం గురించి అడిగితే ముఖం పక్కకి తిప్పింది. "అది ఇటేపు రావడం మానీసినాది. కొడుకు కారులో ఈ దారినే ఎల్తాది, అద్దం దించదు. మొన్న నాను సెయ్యూపితే అటు తిరిగిపోనాది."

"మీకేమన్నా గొడవైందా?"

"గొడవా? గొడవాడితే బాగుణ్ణు. గొడవాడ్డం కూడా మర్సిపోనాది అది." లేచి, ఎండిన నెత్తళ్ళ చేపలు గుప్పెడు కాగితంలో కట్టి నా చేతిలో పెట్టబోయి మళ్ళీ వెనక్కి తీసుకుంది. "వద్దులే. ఆ ఇంట్లో దీని వాసన పడదు."

మధురవాడ, తొమ్మిదో అంతస్తు

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా నిలబడుంది. గంజి పెట్టిన కాటన్ చీర, జుట్టుకి నల్ల రంగు, బంగారు ఫ్రేము కళ్ళజోడు. నేను "ఏమే నేస్తం!" అని గట్టిగా అరవబోయాను.

"రండి, రండి. ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?" అంది.

నిజం చెప్తున్నా, నా వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. "నన్నేనా?" అన్నాను. పెదాలతో నవ్వింది.

గాజులు తీసి చేతికి తొడగబోతే, "తర్వాత వేసుకుంటానండీ" అని తీసుకుని అల్మారాలో పెట్టింది. నేస్తం తెచ్చిన గాజులు నేస్తం చేత్తోనే తొడగాలి. ఆ ఆచారం నాకు నేర్పింది ఆవిడే.

ఇంట్లో వాళ్ళు చెడ్డవాళ్ళేమో, ముసలమ్మని నొక్కేస్తున్నారేమో అని నేను ఒక దుర్మార్గుడి కోసం వెతికాను. దొరకలేదు. పెద్దకొడుకు శంకర్ నా ఒళ్ళో కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాడే, కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కోడలు స్వాతి ఆఫీసునుంచి అలిసిపోయి వచ్చి కూడా నాకు వేడినీళ్ళు పెట్టింది. అత్తగారి బీపీ మాత్రలు టైముకి అందిస్తోంది. బంగారంలాంటి పిల్ల. వీళ్ళనేమని తిట్టను?

రాత్రి భోంచేశాక శంకర్ నా దగ్గర కూర్చుని గొంతు తగ్గించాడు. "రేపు మధ్యాహ్నం తమ్ముడి సంబంధం వాళ్ళు భోజనానికి వస్తున్నారు టీచర్ గారూ. మంచి కుటుంబం. మాకు సీ ఫుడ్ ఎగుమతి వ్యాపారం ఉండేదని చెప్పాం. మీరు కొంచెం... పాత సంగతులు..."

"గంప నెత్తిన పెట్టుకుని కంచరపాలెం దాకా పోవడం కూడా ఎగుమతేలే నాయనా" అన్నాను. వాడు నవ్వలేదు. తల దించుకున్నాడు. నాకే పాపం అనిపించి సరేనన్నాను.

భోజనాలు

చేప ఫోన్లో ఆర్డరు పెట్టారు. శుభ్రంగా కోసి, కడిగి, ప్లాస్టిక్ డబ్బాలో ముక్కలొచ్చాయి. స్వాతి మూత తీసింది. నేను గుమ్మంలో ఉన్నాను, అయినా నాకు వాసన తెలిసింది. నేస్తం స్టవ్ పక్కనే ఉంది. ఆవిడ ముక్కు ఒక్కసారి అదిరింది. నా వైపు చూసింది. నేనూ చూశాను. పాడైన చేప. మేమిద్దరమే ఎరుగుదుం.

ఇప్పుడంటుంది చూడు, డబ్బా ఎత్తి కిటికీలోంచి పారేస్తుంది చూడు అని నేను ఎదురుచూశాను. ఒకప్పుడు ఇట్లాంటి చేప ఎవడో అమ్ముతుంటే వాడి గంపనే కాల్వలో బోర్లించిన మనిషి. ఏమీ అనలేదు. "కారం కొంచెం ఎక్కువ వెయ్యమ్మా, అల్లం వెల్లుల్లి దట్టించు" అంది కోడలితో.

వచ్చినవాళ్ళు మర్యాదస్తులే. పిల్ల తల్లి చేప ముక్క నోట్లో పెట్టుకుంటూ, "వదినగారూ, చేపల గురించి మీకు తెలిసినంత మాకేం తెలుస్తుంది, ఎగుమతి చేసినవాళ్ళు! ఎట్లా ఉందంటారు?" అంది.

"చాలా బాగుందండీ. తాజా చేప" అంది నేస్తం. తన పళ్ళెంలో ముక్కలన్నీ తినేసింది. ముల్లు కూడా జాగ్రత్తగా పక్కన పెట్టింది.

అప్పుడు పిల్ల తండ్రి నా వైపు తిరిగి, "ఈవిడ?" అన్నాడు.

నేను చెప్పేలోగా ఆవిడే చెప్పేసింది. "మా పిల్లలకి ఒకప్పుడు ట్యూషన్ చెప్పిన టీచర్ గారండీ. ఏదో పనిమీద ఊళ్ళోకి వచ్చారు."

నా నోట్లో అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది. సింహాచలం కొండమీద ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని ఏం చెప్పుకున్నామో దేవుడికి తెలుసు. నన్ను తిట్టినా, కొట్టినా, గుమ్మం తొక్కొద్దన్నా నాకింత నొప్పి ఉండేది కాదు. నీళ్ళు తాగి ముద్ద దించుకున్నాను. "అవునండీ, ట్యూషనే" అన్నాను. సంబంధం ఖాయమైంది, చిన్నవాడికి ఫోన్లోనే చెప్పారు. స్వీట్లు పంచారు.

బాల్కనీ

సాయంత్రం వాళ్ళని సాగనంపడానికి కొడుకూ కోడలూ కిందికి దిగారు. బాల్కనీలో మేమిద్దరమే. దూరంగా సముద్రం సన్నటి గీతలాగా ఉంది. నేను దానివైపే తిరిగి నిలబడ్డాను.

"కోపమొచ్చిందేటి నేస్తం?" అంది. ఆ గొంతు! ఎన్నాళ్ళకి విన్నానో.

"నన్ను కాదన్నావు" అన్నాను.

"అన్నాను." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఇంతకు ముందు సిన్నోడికి ఒక సంబంధం వచ్చినాది. బంగారంనాటి గుంట, సక్కని పిల్ల. ఆళ్ళ అమ్మ నా సెయ్యి పట్టుకుని, మీరెంత కష్టపడ్డారో సెప్పండి వదినా అన్నాది. నాను సెప్పీసినాను. గంప మోసినాను, ఈది ఈదీ తిరిగి అరిసినాను అని. ఆవిడ కళ్ళు తుడుసుకున్నాది కూడాను. మర్నాడు ఫోన్ సేసి సంబందం వద్దన్నారు. సిన్నోడు నాతో మాటాడ్డం మానీసినాడు. పండగెళ్ళిపోనాది, నా పుట్టినరోజెళ్ళిపోనాది, ఫోన్ లేదు. నిజం సెప్పినందుకు కొడుకు పోనాడు నేస్తం. మళ్ళీ పోగొట్టుకోమంటావేటి?"

ఆవిడ తప్పేముంది? తప్పు ఎవరిదో తెలిస్తే కనీసం తిట్టి పోయేదాన్ని. ఆ ఇంట్లో అందరూ అందరికోసం అబద్ధమాడుతున్నారు, అదీ ప్రేమతోనే. ఇంత ప్రేమ ఉన్న ఇంట్లో ఒక్క మనిషి కూడా ఇంకో మనిషికి తెలియదు.

కొడుకూ కోడలూ పైకొచ్చేలోగా అడిగేద్దామని శేషయ్య సార్ సంగతి మొత్తం చెప్పాను. రేషను షాపు, ఆయన అన్న మాట, నాకు కోపం రాకపోవడం, అన్నీ. "చెప్పు. నువ్వేమంటే అది" అన్నాను.

లిఫ్టు తలుపు చప్పుడైంది. ఆవిడ కళ్ళజోడు పెట్టేసుకుంది. "మంచి ఆలోచనేనండీ. అంతా మంచే జరుగుతుంది" అంది.

లిఫ్టు దిగింది పక్క ఫ్లాటు వాళ్ళు. మా తలుపు తెరుచుకోలేదు. నేను ఆవిడ రెండు భుజాలూ పట్టుకున్నాను. "ఎవరూ రాలేదే! నన్ను తిట్టు. ఈ వయసులో నీకిదేం పోయేకాలం అను. లేకపోతే పో, చేసుకో, సచ్చేదాకా ఒంటరిగా ఏడుస్తావా అను. ఏదో ఒకటి అను నేస్తం, నీకు పుణ్యముంటుంది. నేను ఇంత దూరం దీనికోసమే వచ్చాను."

నా ముఖంలోకి చూసింది. లోపల ఎక్కడో వెతుక్కుంటున్నట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాకు తెలట్లేదు నేస్తం. నువ్వు అడగ్గానే నీకు ఏది బాగుంటాదో అది నోటికొచ్చీసినాది. నా మనసులో ఏటుందో అని సూసుకుంటే ఏటీ కనబడ్డం లేదు. దాస్తన్నాననుకోకు. ఉంటే నీకు సెప్పనా?"

అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నా వీపు రాస్తూ, "ఊరుకోండి, ఊరుకోండి" అంటూ ఉంది. ఊరుకోండి! దానికంటే నన్ను ఆ తొమ్మిదో అంతస్తు నుంచి తోసేసినా బాగుండేది. అబద్ధమాడే మనిషినైతే గద్దించి నిజం చెప్పించొచ్చు. నిజం చెప్పక చెప్పక అది లోపల ఎండిపోయిన మనిషిని ఏం చేస్తాం?

తిరుగు బండి

మర్నాడు శంకర్ కారులో స్టేషనుకి దింపాడు. స్వాతి పులిహోర కట్టిచ్చింది. పెళ్ళికి తప్పకుండా రావాలన్నారు. నేస్తం కూడా "తప్పకుండా రండి" అంది. వస్తానన్నాను. పోను. పోలేను. నా నేస్తం బతికుండగానే నేను ఆ ఊళ్ళో ఆవిడని పోగొట్టుకుని వచ్చాను, ఇంకోసారి పోయి ఏం చూడను?

అనకాపల్లి దాటాక ఫోను మోగింది. శేషయ్య సార్. ముందు భోజనం చేశారా అనడిగారు, రైలు సరైన టైముకే నడుస్తోందా అనడిగారు. ఆ తర్వాత, "ఏమన్నారు మీ నేస్తం?" అన్నారు.

నోరు తెరిచాను. ఆవిడ ఏమీ అనలేదండీ, అనడానికి ఆవిడ లేదండీ అని చెప్పాలి. నేనింకా ఎటూ తేల్చుకోలేదు, నాకు భయంగా ఉంది అని చెప్పాలి. నాతో ఒకే ఇంట్లో బతుకుదామన్న మనిషి. ఈయనతో కాకపోతే ఇంకెవరితో చెప్తాను? అవతల ఆయన ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారని తెలుస్తోంది. పాపం, ఎంత ఆశగా అడిగారు!

"చాలా సంతోషించిందండీ" అన్నాను. "చేసుకో అంది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "అయితే ఇంక సందేహం లేదు టీచర్ గారూ. ఆవిడ లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చెప్పే మనిషి కాదన్నారు కదా."

"కాదండీ" అన్నాను.